టూర్‌కు డబ్బు కట్టాక కాలు బెణికితే?

పోయిన శ్రావణంలో ఒక సోమవారం. వానాకాలం ఓపీ కాబట్టి జ్వరాలు, దగ్గులే ఎక్కువ. ఆ వరుసలోనే పెద్దవూర వైపు నుంచి ఒక జంట వచ్చింది. ఆయనకు అరవై అయిదు, ఆమెకు అరవై ఉంటాయి. ఆమె ఎడమ కాలు నేలకు ఆననీయకుండా, ఆయన భుజం పట్టుకుని కుంటుతూ వచ్చి కూర్చుంది. చీలమండ చుట్టూ పసుపు పట్టు. దాని కింద నల్లగా కమిలిన వాపు.

“సారూ, నాలుగొద్దుల కింద బోరు కాడ పాచి మీద కాలు జారింది. కాపడం పెట్టినం, వాపు దిగుతలేదు. శుక్రవారం కాశి రైలున్నది. ఇద్దరికి కలిపి నలభై నాలుగు వేలు కట్టినం. గట్టిగ కట్టు కట్టి, ఓ సూది ఏసి పంపియ్యండ్రి” అన్నాడాయన.

ఆమె మాత్రం నెమ్మదిగా అంది: “నాకేం కాదు సారూ. మా అత్తమామలకు గయలో పిండాలు పెట్టాలని పదేండ్ల సంది అనుకుంటున్నం. నా కాలు కోసం ఆపొద్దు.”

ఈ సంభాషణ మీ ఇంట్లోనూ ఎప్పుడో ఒకప్పుడు జరిగే ఉంటుంది. వేసవిలో చార్‌ధామ్ బుకింగులు మొదలైనప్పుడు, దసరా సెలవుల ముందు, కార్తీకంలో, ఇలా ఏటా మా ఓపీకి ఇదే ప్రశ్న వస్తుంది. నాన్నగారికి చెయ్యి విరిగింది, టూర్ వచ్చే వారమే. అమ్మకు మోకాలి ఆపరేషన్ అయి నెల, అమెరికా టికెట్లు తీసేశాం. తమ్ముడు బైకు మీద నుంచి పడ్డాడు, అరకు ట్రిప్పు ఎల్లుండి. వెళ్లాలా, మానాలా?

దీనికి ‘వెళ్లండి’, ‘వద్దు’ అని ఒక్క ముక్కలో జవాబు చెప్పే డాక్టర్‌ను నమ్మకండి. ఆ మాట ఎందుకు అంటున్నానంటే, ఒకప్పుడు అలా చెప్పిన డాక్టర్‌ని నేనే.

ఎక్స్‌రే చూశాను, సీటు చూడలేదు

ఎనిమిదేళ్ల కిందట మా అమ్మకు చీలమండ పక్క ఎముక చిట్లింది. పిండికట్టు వేసి మూడు వారాలైంది. మిర్యాలగూడ నుంచి చుట్టాలంతా కలిసి ఒక టూరిస్టు బస్సులో అరుణాచలం, మధురై, రామేశ్వరం బయల్దేరుతున్నారు. “వెళ్లనా బిడ్డా?” అని అడిగింది. ఎక్స్‌రే చూశాను. ఎముక కదల్లేదు, అతుక్కుంటోంది. “బస్సులో కూర్చునేదే కదా, వెళ్లు. గుడి దగ్గర మాత్రం నడవకు” అన్నాను.

మూడో రోజుకు పిక్క బిగిసింది. కట్టు బిగుతైందేమో అనుకున్నారు. నాలుగో రోజు తెల్లవారుజామున ఊపిరి ఆడక లేచి కూర్చుంది. కాలి రక్తనాళంలో గడ్డకట్టిన రక్తం ఊపిరితిత్తుల్లోకి వెళ్లింది. అక్కడి ఆసుపత్రివాళ్లు వెంటనే గుర్తుపట్టారు కాబట్టి ఈ రోజుకీ అమ్మ ఉంది. నేను రాత్రంతా కారులో వెళ్లి చేరేసరికి ఆక్సిజన్ పెట్టుకుని పడుకుని ఉంది. నన్ను చూసి “నువ్వు చెప్పినట్టే నడవలేదు బిడ్డా” అంది.

అదే నా తప్పు. నడవకుండా, కట్టు వేసిన కాలు కిందికి వేలాడేసుకుని, రోజుకు పది గంటలు ఒకే సీట్లో కూర్చుంది. నేను ఎక్స్‌రే చూశాను. బస్సు సీటు చూడలేదు. గాయం ఎలా ఉందన్నది సగం ప్రశ్నే. ఆ టూర్ ఆ గాయాన్ని ఏం చేస్తుందన్నది మిగతా సగం.

ముందు గాయమేంటో తేలాలి

‘బెణుకే’ అని ఇంట్లో తేల్చేసుకోవడం దగ్గరే చాలామంది పొరపడతారు. బెణుకు అంటే ఎముకలను కలిపే నరంలాంటి పట్టీలు సాగడం. ఎముక చిట్లడం వేరు. రెండింటికీ వాపు, నొప్పి, కమిలిన రంగు ఒకేలా ఉంటాయి.

చీలమండ మెలికపడితే ఎక్స్‌రే అవసరమా కాదా తేల్చడానికి కెనడాలోని ఒట్టావా డాక్టర్లు 1992లో కొన్ని నియమాలు చెప్పారు. వాటిని ఇప్పటికీ ప్రపంచమంతా వాడుతున్నారు. మీరూ గుర్తుపెట్టుకోవచ్చు. దెబ్బ తగిలిన వెంటనే గానీ, ఇప్పుడు గానీ ఆ కాలి మీద నాలుగు అడుగులు వేయగలుగుతున్నారా? చీలమండకు రెండు పక్కలా పొడుచుకొచ్చే ఎముక వెనక అంచునో, కొసనో వేలితో నొక్కితే ఎముక మీదే నొప్పి ఉందా? పాదం బయటి అంచు మధ్యలో గానీ, లోపలివైపు మధ్యలో గానీ ఎముకను నొక్కితే నొప్పి ఉందా? నాలుగు అడుగులు వేయలేకపోయినా, ఎముక మీద నొప్పి ఉన్నా ఎక్స్‌రే తప్పదు. కుంటుతూ వేసినా అది అడుగే. కాకపోతే సుగర్ వల్ల పాదాలు మొద్దుబారినవారికి ఈ లెక్క పనికిరాదు. వాళ్లకు నొప్పే తెలియదు.

ఇంకొన్ని దెబ్బలు మనల్ని మోసం చేస్తాయి.

పెద్దవాళ్లు పడ్డాక గజ్జల్లో నొప్పి అంటూ నడుస్తుంటే ‘నడుస్తున్నారు కదా, ఏం కాలేదు’ అనుకోవద్దు. తుంటి ఎముక చిట్లి, ఒకదాంట్లో ఒకటి దిగబడితే కొన్ని రోజులు నడవగలరు. తర్వాత ఒక కుదుపుకు అది జరిగిపోతుంది. మామూలు ఎక్స్‌రేలో కనబడకపోతే స్కాన్ కూడా అవసరం కావచ్చు.

చెయ్యి ఆనించి పడిన కుర్రాళ్లకు బొటనవేలి మొదట్లో ఉండే గుంటలో నొప్పి ఉంటే, మొదటి ఎక్స్‌రే బాగుందన్నా నమ్మకం లేదు. పది, పద్నాలుగు రోజులకు మళ్లీ తీయించాలి. అందాకా ఆ చేత్తో సూట్‌కేసులు మోయకూడదు.

తలకు దెబ్బ తగిలిన పెద్దవారు ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్, వార్ఫరిన్ లాంటి రక్తం పల్చబడే మందులు వాడుతుంటే సీటీ స్కాన్ గురించి డాక్టర్‌ను తప్పక అడగండి. కొందరిలో మెదడు చుట్టూ రక్తం చుక్కచుక్కగా చేరి, రెండు మూడు వారాల తర్వాత తలనొప్పి, మగత, తడబడే నడక, మతిమరుపుగా బయటపడుతుంది. టూర్‌లో అయితే దాన్ని అలసట అనుకుంటారు.

అరవై దాటిన ఆడవాళ్లకు పడ్డాక నడుము మధ్యలో ఒకేచోట గట్టి నొప్పి మొదలైతే వెన్నుపూస నొక్కుకుపోయి ఉండవచ్చు. అలాంటివారు బస్సులో వెనక సీట్లో కూర్చుంటే ఒక్క స్పీడ్ బ్రేకర్ చాలు. గాయం లేని పెద్దవాళ్లకే వెనక సీటు కుదుపుతో వెన్నుపూసలు విరగడం మేం చూస్తుంటాం.

మన ప్రాంతానికి సంబంధించిన మాట ఇంకొకటి. ఉమ్మడి నల్లగొండలో ఫ్లోరైడ్ నీళ్లు తాగి పెరిగిన తరం ఇప్పుడు టూర్లకు వెళ్లే వయసులో ఉంది. ఫ్లోరోసిస్ ఉన్న ఎముక ఎక్స్‌రేలో దట్టంగా, తెల్లగా కనబడుతుంది గానీ పెళుసుగా ఉంటుంది. మెడ, నడుము, మోకాళ్లు వంగవు. జారితే తమాయించుకోవడం కష్టం. మీ ఇంట్లో అలాంటి పెద్దలుంటే చిన్న దెబ్బనైనా చిన్నదని వదిలేయకండి.

టూర్‌ను కూడా పరీక్ష చేయండి

సొంత కారులో వెళ్తే నొప్పి అనిపించిన చోట ఆగొచ్చు. గ్రూపు టూర్‌లో ఆ వెసులుబాటు ఉండదు. గైడు నాలుగింటికి లేపితే లేవాలి. నలభై మంది ఎక్కాక మీ కోసం బస్సు ఆగి ఉంటే మీకే సిగ్గుగా ఉంటుంది. ఆ సిగ్గుతోనే నొప్పిని దాచుకుని గబగబా నడుస్తారు. నా అనుభవంలో గాయం ముదిరేది అక్కడే.

అందుకే నిర్వాహకుడికి ఫోన్ చేసి రోజువారీ కార్యక్రమం తెప్పించుకోండి. ‘దర్శనం, తర్వాత భోజనం’ అని రాసి ఉంటే చాలదు. రోజుకు ఎంత నడక? ఎన్ని మెట్లు? ఒకే దఫా ఎన్ని గంటలు కూర్చోవాలి? బస ఎన్నో అంతస్తులో, లిఫ్టు ఉందా? మరుగుదొడ్డి కూర్చునేదా, కుర్చీలాంటిదా? కింది బెర్తు ఇస్తారా? ఇవన్నీ అడగండి.

అప్పుడు ఊరి పేర్లు అంకెలుగా మారతాయి. తిరుమలకు అలిపిరి దారిలో 3,550 మెట్లు, శ్రీవారిమెట్టు దారిలో 2,388 మెట్లు. బస్సులో కొండెక్కినా క్యూలో నిలబడాల్సిందే. అరుణాచలం గిరి ప్రదక్షిణ 14 కిలోమీటర్లు, చాలామంది చెప్పుల్లేకుండానే చేస్తారు. రామేశ్వరంలో 22 తీర్థాల స్నానం అంటే తడి బండల మీద తడి బట్టలతో నడక. కాశీలో గల్లీల్లోకి వాహనం రాదు, చాలా ఘాట్లలో గంగ దగ్గరికి దిగాలంటే మెట్లే దారి. అంత దూరం ఎందుకు, మన సాగర్‌లో నాగార్జునకొండకు వెళ్లాలన్నా ఊగే లాంచీలోకి అడుగు వేయాలి. చేతికర్రతో ఆ ఒక్క అడుగు ఎలా వేస్తారో ముందే ఆలోచించుకోవాలి.

చార్‌ధామ్ సంగతి వేరు. కేదార్‌నాథ్ 3,583 మీటర్ల ఎత్తున ఉంది. గౌరీకుండ్ నుంచి దాదాపు 16 కిలోమీటర్ల ఎక్కుడు దారి. యమునోత్రికీ నడకే. ‘గుర్రం ఎక్కిస్తాం, డోలీ పెడతాం’ అంటారు. విరిగిన నడుముకు గుర్రం కుదుపు మంచిది కాదు. అంతకంటే ముఖ్యమైన సంగతి ఒకటుంది. 2,500 మీటర్లు దాటాక ఎవరికైనా కొండజబ్బు రావచ్చు. దానికి అసలు వైద్యం వెంటనే కిందికి దిగడం. తన కాళ్ల మీద తాను దిగలేని మనిషిని అంత ఎత్తుకు తీసుకెళ్లడమంటే ఆ వైద్యాన్ని ముందే వదులుకోవడం. కాలి గాయం మానకుండా కేదార్‌నాథ్ వద్దని నేను గట్టిగా చెప్పేది అందుకే.

కదలని కాలు, గడ్డకట్టే రక్తం

నడిచేటప్పుడు పిక్క కండరం బిగుస్తూ, వదులవుతూ కాలి రక్తాన్ని పైకి తోస్తుంది. కట్టు వేసి కదలకుండా ఉంచితే ఆ తోపు ఆగిపోతుంది. గాయమైన శరీరం రక్తాన్ని గడ్డకట్టించే ప్రయత్నంలోనే ఉంటుంది. దీనికి గంటల తరబడి కూర్చోవడం తోడైతే లోపలి సిరల్లో రక్తం గడ్డకడుతుంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో వెలువరించిన అధ్యయనం ప్రకారం నాలుగు గంటలకు మించి కూర్చుని చేసే ప్రయాణంతో ఈ ముప్పు దాదాపు రెట్టింపవుతుంది. విమానమే కానక్కర్లేదు, బస్సు, రైలు, కారు ఏదైనా అంతే. ఆరోగ్యవంతుల్లో ఇది సుమారు 6,000 మందిలో ఒకరికి వచ్చే సమస్య. అంటే భయపడాల్సినంత పెద్దది కాదు. కానీ కాలికి కట్టు, ఈమధ్యే అయిన ఆపరేషన్, స్థూలకాయం, క్యాన్సర్, హార్మోన్ మాత్రలు, గతంలో ఒకసారి గడ్డకట్టిన చరిత్ర... వీటిలో ఏది ఉన్నా ముప్పు బాగా పెరుగుతుంది. ఒకటికి రెండు కలిస్తే ఇంకా పెరుగుతుంది.

మోకీలు, తుంటి మార్పిడి అయినవారిని ఆరు వారాల దాకా దూర ప్రయాణాలు, మూడు నెలల దాకా సుదీర్ఘ విమాన ప్రయాణాలు వద్దని చాలామంది సర్జన్లు చెబుతారు. అమెరికాలో ఉన్న పిల్లల దగ్గరికి వెళ్లే తల్లిదండ్రులు టికెట్టు తీసేముందే ఆపరేషన్ తేదీతో సరిచూసుకోవాలి. వెళ్లక తప్పనివారికి రక్తం గడ్డకట్టకుండా మందు ఇవ్వాలా, ఎన్ని రోజులు ఇవ్వాలి అన్నది డాక్టరే నిర్ణయించాలి. పక్కింటాయన వాడుతున్నారని ఆస్పిరిన్ మింగి బయల్దేరకండి. బిగుతు మేజోళ్లు కూడా కొలత తీసి, కాళ్లకు రక్తప్రసారం బాగుందని చూశాకే వేసుకోవాలి.

కొత్తగా పిండికట్టు వేసినవారు విమానం ఎక్కేముందు ఇంకో సంగతి. కట్టు లోపల కాలో చెయ్యో వాచితే అది వెలుపలికి సాగలేదు. అందుకే రెండు గంటల లోపు విమాన ప్రయాణమైతే కట్టు వేసి 24 గంటలు, అంతకు మించితే 48 గంటలు గడవాలని విమానయాన సంస్థలు సాధారణంగా అడుగుతాయి. ముందే వెళ్లాలంటే కట్టును పొడుగునా చీల్పించుకోవాలి. డాక్టర్ సర్టిఫికెట్ కూడా అడగవచ్చు. వీల్‌చెయిర్ కావాలని బుకింగ్ సమయంలోనే చెప్పండి.

సుగర్ ఉంటే లెక్క మారుతుంది

సుగర్ ఉన్నవారి పాదానికి చిన్న పుండు ఉన్నా, టూర్ ప్రమాదమే. గుళ్లో చెప్పులు విప్పాలి. ఎండకు కాలిన బండలు, గులకరాళ్లు, తడి నేల. స్పర్శ తగ్గిన పాదానికి బొబ్బ లేచినా తెలియదు. ఇంటికొచ్చేసరికి బొబ్బ పుండై, పుండు చీముపడి ఉంటుంది. వేలు తీసేయాల్సి వచ్చిన కేసుల్లో ‘యాత్రలో మొదలైంది’ అన్నమాట నేను చాలాసార్లు విన్నాను. పుండు పూర్తిగా మానేదాకా చెప్పులు విప్పే యాత్రలు వాయిదా వేయండి.

ఇంకో హెచ్చరిక. సుగర్ ఉన్నవారికి పాదం వాచి, ఎర్రగా, ముట్టుకుంటే వెచ్చగా ఉండి, పెద్దగా నొప్పి లేకపోతే అది బెణుకు కాకపోవచ్చు. స్పర్శ లేని పాదంలో ఎముకలు లోపల్లోపలే చితికిపోతున్నాయేమో చూడాలి. దీన్ని షార్కో పాదం అంటారు. ఆ పాదం మీద యాత్ర చేస్తే పాదం ఆకారమే మారిపోతుంది.

మాత్ర మింగి నడిస్తే?

‘నొప్పి మాత్రలు వేసుకుని లాగించేస్తా’ అనేవాళ్లే ఎక్కువ. నొప్పి మీ ఒంటికి కాపలాదారు. దాన్ని నిద్రపుచ్చి నడిస్తే చిట్లిన ఎముక విరుగుతుంది. పైగా డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్ లాంటివి బీపీ మాత్రలు, మూత్రం ఎక్కువగా వచ్చే మాత్రలు వాడేవారి కిడ్నీలను దెబ్బతీయవచ్చు. దారిలో మరుగుదొడ్డి దొరకదని నీళ్లు తాగడం మానేస్తారు చూడండి, అప్పుడు ఆ దెబ్బ ఇంకా గట్టిగా తగులుతుంది. లివర్ జబ్బు లేనివారికి పారాసిటమాల్ 650 మాత్ర రోజుకు మూడుసార్ల వరకు సురక్షితం. ట్రమడాల్ కలిసిన మాత్రలకు పెద్దవారిలో తల తిరుగుతుంది. ఒక్క మాత్ర కోసం మెట్ల మీద మళ్లీ పడతారు.

నాటు కట్టు వేయించుకుని బయల్దేరేవారికి కూడా ఒక మాట. బద్దలు పెట్టి బిగించిన కట్టు కింద వేళ్లు నీలం రంగుకు తిరిగినా, తిమ్మిరెక్కినా, నొప్పి గంటగంటకూ పెరుగుతున్నా ఆ కట్టు వెంటనే విప్పించాలి. పిండికట్టుకైనా ఇదే సూత్రం. రైలు దిగాక చూద్దాం అనుకుంటే కండరం చచ్చిపోతుంది.

కుట్లు, కుక్కకాటు

దెబ్బకు కుట్లు పడితే ముఖం మీదివి అయిదారు రోజులకు, కాళ్లూ చేతుల మీదివి పది నుంచి పద్నాలుగు రోజులకు తీస్తారు. కుట్లు ఉండగా నదీ స్నానం, తీర్థ స్నానం వద్దు. తలమీద నీళ్లు చల్లుకుని దండం పెట్టుకోండి. ధనుర్వాతం టీకా సంగతి బయల్దేరేముందే తేల్చుకోండి.

కుక్క కరిచి టీకాలు నడుస్తుండగా టూర్ వస్తే టీకా మాత్రం ఆపవద్దు. కండరానికిచ్చే పద్ధతిలో మొదటి రోజు తర్వాత 3, 7, 14, 28 రోజుల్లో, చర్మంలోకి ఇచ్చే పద్ధతిలో 3, 7, 28 రోజుల్లో వేస్తారు. టీకా కార్డు వెంట ఉంచుకుంటే దారిలో ప్రభుత్వ ఆసుపత్రిలో వేయించుకోవచ్చు. ఆ తేదీన మీరు ఏ ఊళ్లో ఉంటారో ముందే రాసి పెట్టుకోండి.

ఇంటి దగ్గరే ఒక రిహార్సల్

ఎముకల డాక్టర్ ‘పర్లేదు’ అన్నాక కూడా నేను ఒక పరీక్ష పెడతాను. టూర్‌కు వారం ముందు, నొప్పి మాత్ర వేసుకోకుండా చేయాలి.

పొద్దున్నే స్నానం చేసి, టూర్‌కు వేసుకునే చెప్పులే వేసుకుని ఆర్టీసీ బస్సెక్కండి. పెద్దవూర వాళ్లయితే సాగర్ హిల్ కాలనీ దాకా, మిర్యాలగూడ వాళ్లయితే నల్లగొండ దాకా వెళ్లండి. బస్సు మెట్లు ఎవరి సాయం లేకుండా ఎక్కి దిగారా? దిగాక అరగంట మెల్లగా నడిచారా? ఒక అంతస్తు మెట్లు ఎక్కి దిగారా? బయటి మరుగుదొడ్డి వాడి లేవగలిగారా? తిరిగొచ్చాక వాపు ఎంత? రాత్రి నిద్ర పట్టిందా? మర్నాడు అదే పని మళ్లీ చేయగలరా?

అన్నింటికీ ‘అవును’ అయితే మామూలు టూర్‌కు వెళ్లొచ్చు. ఒకటి రెండు ‘కాదు’ వస్తే ఆ భాగాన్ని మార్చగలమా చూడండి. గిరి ప్రదక్షిణ మానేసి గుడి దర్శనం మాత్రం చేసుకోవడం, గుట్ట ఎక్కే రోజు బసలో ఉండిపోవడం లాంటివి. మర్నాడు మంచం దిగలేకపోతే మీ శరీరమే జవాబు చెప్పినట్టు. ఇంటి పక్క ఊరికి ఒక రోజు కుదరనిది, పరాయి రాష్ట్రంలో ఎనిమిది రోజులు కుదరదు.

రిహార్సల్ కూడా వద్దనే సందర్భాలున్నాయి. కాలి ఎముక విరిగి ఇంకా బరువు ఆనించవద్దన్నవారు, వెన్నుపూస కొత్తగా విరిగినవారు, తలకు దెబ్బ తగిలి వాంతులు, మగత ఉన్నవారు, పక్కటెముకలు విరిగి ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరినవారు, చీముపట్టిన గాయం లేదా జ్వరం ఉన్నవారు ఇంటి దగ్గరే ఉండాలి. ఊపిరితిత్తి చుట్టూ గాలి ఉండగా విమానం ఎక్కడం ప్రాణాంతకం.

డబ్బు, మొహమాటం, పుణ్యం

నిజం చెప్పాలంటే ఈ నిర్ణయాన్ని నడిపేది గాయం కాదు, కట్టిన డబ్బు. ఆ డబ్బు ఎలాగూ పోయింది అనుకుని లెక్క వేయండి. ఇప్పుడు డబ్బు కట్టకుండానే ఎవరైనా పిలిస్తే ఈ కాలితో వెళ్తారా? వెళ్లను అనిపిస్తే జవాబు దొరికినట్టే.

దెబ్బ తగిలిన రోజే నిర్వాహకుడికి చెప్పండి. రోజులు తగ్గేకొద్దీ తిరిగొచ్చే డబ్బు తగ్గుతుంది. డబ్బు వాపసు కాకున్నా తర్వాతి బ్యాచ్‌కు మారుస్తారా, మీ బదులు ఇంకొకరిని పంపవచ్చా అడగండి. ప్రయాణ బీమా ఉంటే కాగితం చదవండి. దెబ్బ తగిలాక తీసుకున్న బీమా ఆ దెబ్బకు సాధారణంగా పనికిరాదు. గాయాన్ని దాచి తీసుకుంటే క్లెయిమ్ తిరస్కరించవచ్చు.

ఇంట్లో మాట్లాడుకోవడంలో రెండు రకాల తప్పులు జరుగుతాయి. ‘నీకెందుకమ్మా ఈ కాలుతో, మేం వెళ్లొస్తాం’ అని పెద్దవాళ్లను అడక్కుండానే పక్కన పెట్టేయడం ఒకటి. ‘మళ్లీ ఇంత గుంపు కుదరదు, ఎట్లాగో రా’ అని లాక్కుపోవడం రెండోది. వెళ్లాలా వద్దా అన్నది గాయపడిన మనిషి చెప్పాలి. అందరూ ఉన్నప్పుడు ఆడవాళ్లు ‘నాకేం కాదు’ అనే అంటారు. పక్కకు పిలిచి, ‘నిజంగా నీకు ఎట్లా ఉంది?’ అని అడగండి. వెళ్తే వెంట ఎవరు ఆగుతారో కూడా పేరు పెట్టి తేల్చండి. ‘అందరం చూసుకుంటాం’ అంటే ఎవరూ చూసుకోరు.

వెళ్లేవారికి

ఎక్స్‌రే, డిశ్చార్జి కాగితం, మందుల చీటీ ఫోన్‌లో ఫొటో తీసుకోండి, ఒక ప్రతి సంచిలో పెట్టండి. బీపీ, సుగర్ మాత్రలు నాలుగు రోజులవి ఎక్కువ ఉంచుకోండి. చేతికర్ర రబ్బరు కొస అరిగితే మార్చండి. బస్సులో ముందు సగంలో, నడవా పక్క సీటు అడగండి. గంట గంటకూ మడమ పైకీ కిందికీ ఇరవైసార్లు ఆడించండి. బస్సు ఆగినప్పుడల్లా వీలైతే లేచి నాలుగడుగులు వేయండి. కట్టు ఉన్న కాలును పడుకున్నప్పుడు ఎత్తులో పెట్టుకోండి. నీళ్లు మానకండి. రైల్లో ఇబ్బంది వస్తే 139, ఎక్కడైనా అత్యవసరమైతే 112, అంబులెన్సుకు 108.

ఈ గుర్తులు కనబడితే గైడు ఏమంటాడో చూడకండి, దగ్గర్లోని ఆసుపత్రికి వెళ్లండి. ఒక పిక్క మాత్రమే వాచి నొప్పి పెట్టడం, ఉన్నట్టుండి ఆయాసం, ఛాతీలో పోటు, దగ్గితే రక్తం, వేళ్లు నీలమవడం లేదా మొద్దుబారడం, గాయం నుంచి చీము, చలిజ్వరం, విపరీతమైన తలనొప్పి, మగత. తిరిగొచ్చాక నాలుగు వారాల దాకా కూడా పిక్క వాపును, ఆయాసాన్ని తేలిగ్గా తీసుకోకండి. ప్రయాణం సంగతి డాక్టర్‌కు చెప్పండి.

ఆమె ఏం చేసింది?

ఆ రోజు ఆమెను నాలుగు అడుగులు వేయమన్నాను. రెండో అడుగుకే కూర్చుండిపోయింది. ఎక్స్‌రేలో చీలమండ బయటి ఎముక చిట్లి ఉంది. రక్తంలో సుగర్ 260. అంతకుముందు సుగర్ ఉన్నట్టు ఆమెకు తెలియదు. మా ఎముకల డాక్టర్ ఆరు వారాల కట్టు అన్నారు.

ఆయన్ను బయట కూర్చోబెట్టి ఆమెను అడిగాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, “రైల్ల పైకెక్కుడు, దిగుడు తలుసుకుంటె భయమైతాంది సారూ. కానీ ఆయన పైసలు పోతయని బాధ పడతడు” అంది. ఆయన్ను పిలిచి ఆ మాటే చెప్పాను. ఆయన ఆమె కాలు వైపు కాసేపు చూసి, “పైసలదేముంది” అన్నాడు.

నిర్వాహకుడు రైలు టికెట్ల నష్టం, మరికొంత పట్టుకుని మిగతాది తర్వాతి బ్యాచ్‌కు జమ వేశాడట. తొమ్మిది వేలు పోయాయి. మార్గశిరంలో బయల్దేరే ముందు ఇద్దరూ ఓపీకి వచ్చారు. సుగర్ అదుపులో ఉంది. సాగర్ దాకా బస్సులో రెండుసార్లు వెళ్లొచ్చామని చెప్పింది. కాశీలో ఘాట్ మెట్లు పూర్తిగా దిగొద్దని, గుళ్లో మెత్తటి మేజోళ్లు వేసుకోమని చెప్పి పంపాను.

సంక్రాంతి ముందు ఒక చిన్న రాగి చెంబుతో వచ్చింది. గయలో కూర్చుని పిండాలు పెట్టామంది. అన్ని చోట్లకూ పోలేదట, రెండు రోజులు సత్రంలోనే ఉండిపోయిందట. “మిగిలినయి మళ్లెప్పుడన్న చూస్త సారూ” అంటూ, చేతికర్ర లేకుండానే ఓపీ మెట్లు దిగి వెళ్లింది.

(రచయిత ప్రభుత్వ ఆసుపత్రిలో జనరల్ ఫిజీషియన్, ఎంబీబీఎస్, ఎండీ)